ఛాతీ సరిపోయింది, చెయ్యి ఎక్కలేదు: ఒక మంగళగిరి కుర్తీ కేస్ స్టడీ

మార్చి చివరి వారంలో ఒక సాయంత్రం, కుట్టేవాళ్లంతా ఇళ్లకు వెళ్లాక, కటింగ్ బల్ల మీద 62 కుర్తీలు పరిచాం. అన్నీ మంగళగిరి నూలు గుడ్డవి. అన్నీ ఆ ఒక్క నెలలో కొన్నవాళ్లు వెనక్కి పంపినవి. ఒక్కోదానికి ఒక్కో చీటీ కట్టి ఉంది. ఎక్కువ చీటీల మీద ఒకటే మాట: "సైజు చిన్నది".

ఆ యూనిట్ హైదరాబాద్‌లో ఉంది. పద్నాలుగు మంది పని చేస్తారు. నడిపే ఆవిడ మంగళగిరి నేతవాళ్ల దగ్గర గుడ్డ కొని, స్ట్రెయిట్ కట్ కుర్తీలు కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఎస్ నుంచి డబుల్ ఎక్సెల్ దాకా ఐదు సైజులు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. జరిగింది మాత్రం దాచకుండా రాయమన్నారు. నేను ప్యాటర్న్ మేకర్‌ని, అంటే గుడ్డని ఏ ఆకారంలో కొయ్యాలో అట్ట మీద గీసేదాన్ని. ఇరవై ఏళ్లుగా ఇదే పని. మొదటి తొమ్మిదేళ్లు ఎగుమతి యూనిట్లలో, ఆ తర్వాత ఇలాంటి చిన్న బ్రాండ్ల దగ్గర.

నన్ను పిలిచేసరికి ఆవిడకి మూడు సలహాలు అంది ఉన్నాయి. లేబుల్ మార్చెయ్యమని ఒకరు చెప్పారు: ఎల్ కుర్తీ మీద ఎం అని రాస్తే ఎం కొనేవాళ్లకి లూజుగా వస్తుంది. చుట్టూ ఒక అంగుళం పెంచెయ్యమని ఇంకొకరు. చేనేత మానేసి లైక్రా కలిసిన కాటన్‌కి మారమని మూడోవాళ్లు. బట్ట సాగితే ఎవరికైనా పడుతుంది కదా అని. మూడింటిలో ఏదీ చెయ్యొద్దని, ముందు వెనక్కి వచ్చినవి ఒక్కోటీ విప్పి చూద్దామని అడిగాను. సలహాలిచ్చిన ముగ్గురిలో ఎవరూ ఆ కుర్తీలను ముట్టుకుని చూడలేదు.

వెనక్కి వచ్చిన బట్టలో ఏం చూడాలి

ఒకసారి వేసి విప్పిన బట్ట మీద వేసుకున్నవాళ్ల శరీరం గుర్తులు మిగులుతాయి. ఇస్త్రీ చెయ్యకముందే చూడాలి, చేస్తే అవన్నీ పోతాయి. చంక దగ్గర అడ్డంగా పడ్డ ముడతలు, మోచేతి పైన బిగుసుకున్న గీతలు, సైడ్ కట్ మొదలయ్యే చోట లాగినట్టు తెరుచుకోవడం, ఇలా ఒక్కోటీ ఒక్కో సంగతి చెబుతుంది. చేనేత గుడ్డలో ఇంకో గుర్తు కూడా దొరుకుతుంది. కుట్టు మీద లాగుడు పడితే గుడ్డ చిరగకముందే కుట్టు పక్కన పోగులు జరిగి, సన్నని జల్లెడలా కనిపిస్తుంది. వెలుతురుకి అడ్డం పట్టి చూస్తే చాలు.

రాత్రి పదిన్నర దాకా చూశాం. 9 కుర్తీలు రంగు నచ్చక వచ్చినవి. మిగిలిన 53లో 31 కుర్తీలకు గుర్తులన్నీ చంక దగ్గర, పైచేతి మీద ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఛాతీ దగ్గర ఒక్క ముడత కూడా లేదు. 12 తుంటి దగ్గర పట్టేసినవి. చివరి 10 అన్నిటికంటే ఆలోచింపజేశాయి. వాటి చీటీల మీద "పెద్దది" అని ఉంది. ఆర్డర్లు తిరగేస్తే, ఆ పది మందిలో ఏడుగురు అంతకుముందు ఒక సైజు తక్కువది కొని వెనక్కి పంపినవాళ్లే. చెయ్యి పట్టక పై సైజు తెప్పించుకున్నారు, ఈసారి చెయ్యి పట్టింది, భుజం కిందికి జారింది. అంటే "చిన్నది", "పెద్దది" అని రెండు వేర్వేరు ఫిర్యాదులుగా లెక్కకెక్కినవి ఒకే తప్పు నుంచి వచ్చాయి.

మర్నాడు కొంతమందికి ఫోన్ చేశాం. నల్గొండ జిల్లా నుంచి ఒక టీచర్ గారు చెప్పిన మాట నా నోట్సులో అలాగే రాసుకున్నాను. "వేసుకుంటే బానే ఉంటుందండీ. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే కుర్తీ మొత్తం పైకి లేస్తుంది. పిల్లల ముందు ఎట్లా?" ఆవిడ చీటీ మీద కూడా ఉన్నది "సైజు చిన్నది" అనే. వెబ్‌సైట్‌లో వెనక్కి పంపేటప్పుడు ఎంచుకోవడానికి ఉన్నవి మూడే: చిన్నది, పెద్దది, నచ్చలేదు. చెయ్యెత్తితే లేస్తోంది అని చెప్పడానికి ఆవిడకి చోటే లేదు.

ఈ కుర్తీలు తర్వాత ఏమవుతాయన్నది కూడా చెప్పాలి. మచ్చ లేనివి ఇస్త్రీ చేసి మళ్లీ అమ్ముతారు. పౌడరు, చెమట, పసుపు అంటినవి ఉతకాలి. ఉతికితే కొత్తదనం పోతుంది, కొత్తదని చెప్పి అమ్మలేరు. అలాంటివి కొన్నాళ్లు సంచుల్లో మూలన పడి, చివరికి కిలోల లెక్కన లాట్ వ్యాపారికి వెళ్లేవి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఒక మనిషి పోగు పోగూ నేసిన గుడ్డ, ఎవరి ఒంటి మీదా ఒక పూటైనా ఉండకుండా కిలోల్లో పోవడం నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించిన విషయం. పత్తి పండించడానికి పట్టిన నీళ్లు, అద్దకానికి పట్టిన నీళ్లు, రెండుసార్లు తిరిగిన కొరియర్ బండి, రెండు ప్లాస్టిక్ కవర్లు, ఇవన్నీ అందులోనే. ఫిట్ సమస్యని నేను మొదటినుంచీ పర్యావరణం సమస్యగానే చూస్తాను, ఇందుకే.

ఆ ప్యాటర్న్ ఎక్కడిది

యూనిట్ వాడుతున్న అట్ట ప్యాటర్న్ ఎవరు గీశారని అడిగితే ఎవరికీ తెలియదు. వెనక ఉన్న రాతలు చూశాక నాకు అర్థమైంది. ఏదో ఎగుమతి యూనిట్‌లో విదేశీ బయ్యర్ కోసం చేసిన టాప్ ప్యాటర్న్‌ని పొడవు పెంచి కుర్తీగా మార్చుకున్నారు. ఇది ఈ ఒక్క యూనిట్ కథ కాదు, చిన్న బ్రాండ్లలో సగం ప్యాటర్న్‌లు ఇలా చేతులు మారి వచ్చినవే. నేను చూసిన అలాంటి ప్యాటర్న్‌లు ఎక్కువగా ఐదడుగుల ఆరంగుళాల మనిషిని దృష్టిలో పెట్టుకున్నవి. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, ఐదడుగులకు కాస్త తక్కువ. అరడుగు తేడా అంటే కింద పొడవు ఒక్కటే మారదు. భుజం నుంచి చంక దాకా ఉండే దూరం మారుతుంది, నడుం ఉండే చోటు మారుతుంది.

సైజుల లెక్క అమెరికాలో కూడా మొదటినుంచీ ఇలా అరకొరగానే నడిచింది. 1939–40లో అక్కడి వ్యవసాయ శాఖ తరఫున రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ దాదాపు 15,000 మంది ఆడవాళ్లను ఒక్కొక్కరిని 59 చోట్ల కొలిపించారు. 1941లో అచ్చయిన లెక్కల్లోకి తెల్లజాతి స్త్రీల కొలతలే తీసుకున్నారు. ఆ సమాచారం ఆధారంగా 1958లో వచ్చిన సైజుల ప్రమాణాన్ని 1983లో ఉపసంహరించుకున్నారు. అప్పటినుంచి ఏ కంపెనీ సైజు ఆ కంపెనీదే. మన దగ్గర నిఫ్ట్ (ఫ్యాషన్ చదువులు చెప్పే జాతీయ సంస్థ) చేపట్టిన ఇండియాసైజ్ సర్వేలో 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25,000 మందికి పైగా జనాన్ని త్రీడీ స్కానర్లతో కొలవాలని పెట్టుకున్నారు. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఇలాంటి పని దేశానికి చాలా అవసరం. కానీ మా బల్ల మీద కుప్ప పడి ఉన్న కుర్తీలకు అప్పటికప్పుడు ఒక దారి కావాలి. మా కస్టమర్లను మేమే కొలుద్దాం అనుకున్నాం.

నలభై ఎనిమిది మంది

ఏప్రిల్‌లో రెండు ఆదివారాలు కొలతలు తీశాం. వచ్చింది 48 మంది. కొందరు పాత కస్టమర్లు, కొందరు పక్క వీధిలో వాళ్లు, యూనిట్‌లో పనిచేసే ఆడవాళ్లు కూడా. 22 ఏళ్ల అమ్మాయి నుంచి 60 దాటిన అమ్మమ్మ దాకా ఉన్నారు. విడిగా ఒక గది, లోపల నేను, నాకు సాయంగా ఒకమ్మాయి. ఏ కొలత ఒంటి మీద ఎక్కడ తియ్యాలన్నదానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2017లో తెచ్చిన ఐఎస్ఓ 8559-1 ప్రమాణాన్నే పాటించాం. దానికి తోడు నేను రెండు కొలతలు కలుపుతాను: కుర్చీలో కూర్చున్నప్పుడు తుంటి, మోచెయ్యి మడిచినప్పుడు పైచెయ్యి. బట్ట నిలబడ్డ మనిషికి కుడతాం, కానీ ఆ మనిషి రోజంతా బస్సులో, ఆఫీసులో, నేల మీద కూర్చుంటుంది.

టేపు తియ్యగానే చాలామంది ఊపిరి బిగబట్టారు. ఒకావిడ "కొంచెం తక్కువే రాసుకోండమ్మా, సన్నబడదామనుకుంటున్నా" అన్నారు. ఇరవై ఏళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. కొలతకి సిగ్గు పడేలా ఆడవాళ్లను తయారు చేసింది మన బట్టల దుకాణాలే. ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పాను: మీ ఒళ్లు మారక్కర్లేదు, మారాల్సింది మా అట్ట.

వచ్చేవాళ్లను ఇంకొకటి కూడా అడిగాం. ఇంట్లో మీకు బాగా సరిపోయే కుర్తీ ఒకటి తెచ్చుకోండి అని. టైలర్ దగ్గరికి ఆది జాకెట్టు తీసుకెళ్లే అలవాటు మనకి ఎప్పటినుంచో ఉంది. ఒంటి కొలత కంటే ఆది ఎక్కువ చెబుతుంది. ఎంత లూజు ఆవిడకి సుఖంగా ఉంటుందో, చెయ్యి ఎక్కడిదాకా కావాలో, మెడ ఎంత దిగితే ఇబ్బందో, అన్నీ అందులో ఉంటాయి. 48 మందిలో 40 మంది ఆది తెచ్చారు. వాటిలో రెడీమేడ్‌వి 15 అయితే, ఆ 15లో 11 కుర్తీలకు ఎవరో టైలర్ చంక దగ్గర విప్పి మళ్లీ కుట్టిన గుర్తు ఉంది. అంటే ఆడవాళ్లు ఈ సమస్యని చాలాకాలంగా తమ డబ్బుతో తామే సరిచేసుకుంటున్నారు. కంపెనీలకు ఆ సంగతి చేరడం లేదు, అంతే.

ఛాతీ కొలతని బట్టి ఎల్ సైజులోకి వచ్చేవాళ్లు 13 మంది తేలారు. వాళ్ల పైచెయ్యి చుట్టుకొలత 12 అంగుళాల నుంచి 14½ దాకా ఉంది. మా ఎల్ కుర్తీ చెయ్యి 13¼ అంగుళాలు. సాగని గుడ్డకి ఒంటి మీద కనీసం ఒక అంగుళం, వీలైతే ఒకటిన్నర లూజు ఉండాలి. ఆ లెక్కన 13 మందిలో 9 మందికి ఆ చెయ్యి పట్టదు. ఛాతీ మాత్రం అందరికీ సరిపోతుంది. 48 మందితో రెండు రాష్ట్రాల ఆడవాళ్ల శరీరాల గురించి ఏదీ చెప్పలేం, నేను చెప్పడం లేదు. ఈ అట్ట ఈ కస్టమర్లకు ఎందుకు సరిపోలేదో తెలుసుకోవడానికి మాత్రం అది చాలింది.

చంక దించితే ఏమవుతుంది

ఇక్కడ కాస్త ఆగి వివరంగా రాస్తాను. మన టైలర్లలో, డిజైనర్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే.

చంక దగ్గర బిగుతుగా ఉందనగానే ఎవరైనా చేసే పని చంకని ఇంకా కిందికి కొయ్యడం. నిలబడి చెయ్యి దించి ఉన్నప్పుడు హాయిగానే ఉంటుంది. కానీ చెయ్యెత్తగానే చెయ్యి ముక్క, ఒంటి ముక్క కలిసే చోటు పక్కటెముకల దాకా దిగి ఉండటంతో కుర్తీ మొత్తాన్ని పైకి లాగుతుంది. టీచర్ గారికి జరిగింది అదే. మా పాత అట్ట పొడుగు మనిషిది కాబట్టి దాని చంక మన వాళ్లకు ముందే కిందికి ఉంది. ఇంకా దించితే ఇంకా చెడేది.

చెయ్యి హాయిగా ఎత్తాలంటే చంక ఒంటికి దగ్గరగా పైకి ఉండాలి, చెయ్యి ముక్క వెడల్పుగా ఉండాలి, ఆ ముక్క పైన గుండ్రంగా ఉండే టోపీ భాగం ఎత్తు తగ్గాలి. ఎత్తయిన టోపీ ఉన్న చెయ్యి కోటులా అందంగా వేలాడుతుంది కానీ పైకి లేవదు. టోపీ తగ్గించి వెడల్పు పెంచితే చంక కింద నాలుగు ముడతలు పడతాయి, చెయ్యి మాత్రం ఎటు తిప్పితే అటు వస్తుంది. ఎల్ సైజులో చెయ్యి వెడల్పు 13¼ నుంచి 14¾ చేశాను. టోపీ ఎత్తు 5½ నుంచి 4¼కి దించాను. చంకని పావు అంగుళం పైకి జరిపాను. టోపీ వంపు కొలత పెద్దగా మారలేదు, అందుకే అది కొత్త చంకలో ముడతల్లేకుండా కూర్చుంది. భుజం రెండు వైపులా పావు అంగుళం తగ్గించాను.

చంక పైకి జరుపుతున్నానంటే కటింగ్ మాస్టర్ గారు ఒప్పుకోలేదు. ఆయన పాతబస్తీలో నలభై ఏళ్లు షేర్వానీలు, కుర్తాలు కోసినవారు. "అమ్మా, టైట్ అని వస్తే మీరు ఇంకా టైట్ చేస్తున్నారు" అన్నారు. వాదించకుండా రెండు శాంపిల్స్ కుట్టించి, అక్కడే పనిచేసే ఒకమ్మాయికి ఒకదాని తర్వాత ఒకటి వేయించి, పై అరలో ఉన్న దారం రీలు తీసి ఇమ్మన్నాను. మాస్టర్ గారు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయనే చెప్పారు, వాళ్ల ఉస్తాదు కోసే పాత కుర్తాల్లో చంక కింద ఒక చిన్న ముక్క వేసేవారని, దాన్ని చౌబగ్లా అంటారని, అది కూడా ఇందుకేనని. నిజమే. ఆ కుర్తాలన్నీ దాదాపు నలుచదరం ముక్కలతో, కలీలతో (కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే పొడుగు ముక్కలతో) కట్టినవి. గుడ్డ వృథా అయ్యేది కాదు, చెయ్యీ ఆడేది. ఇప్పటి కటింగ్ పద్ధతుల్లో పది నుంచి ఇరవై శాతం గుడ్డ బల్ల కిందికి పోవడం మామూలు విషయం. చేతిలో ఉన్న విద్యని ఆయన మర్చిపోలేదు, రెడీమేడ్‌లో దాన్ని ఎవరూ అడగలేదు.

లోపల వదిలే గుడ్డ

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఈ భాగం.

కొత్త అట్ట వేశాక కూడా ఎల్‌లోని 13 మందిలో ముగ్గురికి చెయ్యి పట్టదు. ఏ అట్ట గీసినా కొందరు బయటే ఉంటారు. వాళ్ల కోసం ఇంకో సైజు పెడితే ఇంకొన్ని కుర్తీలు అమ్ముడుపోకుండా మిగులుతాయి. పైగా ఇవాళ సరిపోయిన మనిషికి రెండేళ్ల తర్వాత సరిపోకపోవచ్చు. కాన్పు అవుతుంది, థైరాయిడ్ వస్తుంది, వయసు పెరుగుతుంది. ఒళ్లు మారుతూనే ఉంటుంది, బట్ట మారదు.

మన ఇళ్లలో దీనికి ఎప్పుడో ఒక పద్ధతి ఉంది. ఆడపిల్లల పట్టుపరికిణీకి అంచు పైన రెండు మూడు మడతలు వేసి కుట్టేవారు. పిల్ల ఎదిగే కొద్దీ ఒక్కో మడత విప్పేవారు. జాకెట్టుకి సైడుల్లో లోపల గుడ్డ వదిలి, రెండు మూడు వరసల కుట్లు వేసేవారు. ఒళ్లు వస్తే లోపలి కుట్టు ఉంచి, మొదటి వరస విప్పేసేవారు. మా అమ్మ పెళ్లి జాకెట్టు నా చెల్లెలు తన పెళ్లికి వేసుకుంది, ఇలా విప్పే. ఫ్యాక్టరీ బట్టలు ఈ అలవాటుని తీసేశాయి. రెండు అంచులూ కలిపి ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా మిషన్ మీద వేసే అంచు కుట్టు) కొట్టి, మూడెనిమిదో వంతు (⅜) అంగుళం మాత్రమే వదులుతారు. అందులో విప్పడానికి ఏమీ ఉండదు.

సైడులకి ఒక అంగుళం గుడ్డ వదులుదామని నేనంటే, "మీటరు రేటు తెలుసు కదా, కుర్తీకి ఎంత పెరుగుతుంది?" అని ఓనర్ మేడం టెన్షన్ పడ్డారు. న్యాయమైన ప్రశ్నే. గుడ్డ మీద అట్టలు పరిచి చూశాం. కుర్తీ సైడ్ కట్ అంచు మడవడానికి తుంటి దగ్గర ఎలాగూ ఒక అంగుళం వదులుతారు. దాని పైన, ఛాతీ నడుముల దగ్గర, అదే గుడ్డని మూడెనిమిదో వంతే ఉంచి, మిగిలింది కోసి పారేస్తున్నారు. అంటే మేము అడుగుతున్న గుడ్డ అప్పటికే కొన్నది, అప్పటికే బల్ల కింద చెత్త సంచిలో పడుతున్నది. ఒంటి ముక్కలకి అదనంగా గుడ్డ అక్కర్లేకపోయింది. చేతులు వెడల్పు చేసినందుకు మాత్రం పెద్ద సైజుల్లో కొంచెం ఎక్కువ పట్టింది.

ఇప్పుడు ఒక్కో అంచుని విడిగా ఓవర్‌లాక్ చేసి, కుట్టుకి చెరో పక్కకి పరిచి ఇస్త్రీ చేస్తాం. ముందు వెనక రెండు వైపులా కలిపి నాలుగు అంచులు, ఒక్కోదాంట్లో అయిదెనిమిదో వంతు (⅝) అంగుళం విప్పొచ్చు. మొత్తం రెండున్నర అంగుళాలు, అంటే ఒక సైజు కంటే ఎక్కువ. చెయ్యి ఒకటింపావు అంగుళం విప్పొచ్చు. కింద మడత రెండు అంగుళాలు పెట్టాం. కుట్లు మరీ చిన్నవి కాకుండా, ఇంట్లో బ్లేడుతో విప్పినా గుడ్డ తెగకుండా ఉండేలా వేయించాం.

దీనివల్ల ఒక్కో కుర్తీకి మూడు నిమిషాల పని పెరిగింది. కుట్టేవాళ్లకు పీసు లెక్కన డబ్బులు. ఆ మూడు నిమిషాలు వాళ్ల మీద పడకూడదని మొదటి రోజే చెప్పాను. పీసుకి ఆరు రూపాయలు పెంచిన తర్వాతే కొత్త పద్ధతి మొదలైంది. పర్యావరణం పేరుతో చేసే మంచి పనులు చాలాసార్లు కుట్టు మిషన్ ముందు కూర్చున్న మనిషి జేబులోంచి జరుగుతాయి. అది నాకు ఎప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు.

లైక్రా సంగతికొస్తే, అయిదు శాతం లోపు ఎలాస్టేన్ (లైక్రాలో ఉండే సాగే పీచు) కలిపినా ఫిట్ ఇబ్బందులు చాలా తగ్గుతాయి, అది అబద్ధం కాదు. కానీ పాత నూలు బట్టని పీచుగా చీల్చి మళ్లీ దారం తీసే చోట, పానిపట్ మిల్లుల్లాంటి చోట, ఆ కాస్త ఎలాస్టేనే అడ్డం పడుతుంది. వేడికి, వాడకానికి దాని సాగే గుణం కూడా పోతుంది. అన్నిటికీ మించి, అటు వెళ్తే మంగళగిరి మగ్గాన్ని వదిలెయ్యాలి. కోత తప్పుకి నేతవాళ్లు పని పోగొట్టుకోవడం ఎందుకు?

ఉతికాక

గుడ్డని కొయ్యకముందు తడపడం లేదని ఏప్రిల్ చివర్లో తెలిసింది. 20 అంగుళాల చదరం గీసి, రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరేసి కొలిస్తే పొడవు 19¼, వెడల్పు 19½ వచ్చింది. అంటే 46 అంగుళాల కుర్తీ మొదటి ఉతుకులో ఒకటిన్నర అంగుళం పైనే పోగొట్టుకుంటుంది, 42 అంగుళాల ఛాతీ ఒక అంగుళం తగ్గుతుంది. ఉతికినవి వెనక్కి తీసుకోరు కాబట్టి ఈ బాధ మా 62లో కనిపించలేదు. అవి కొన్నవాళ్ల బీరువాల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు తానులన్నీ తడిపి ఆరేశాకే బల్ల మీదికి వస్తాయి. వానాకాలంలో దీనికి రెండు రోజులు ఎక్కువ పడుతోంది, పట్టనీ అనుకున్నాం.

వెబ్‌సైట్‌లో ఒంటి కొలతల పట్టిక తీసేసి బట్ట కొలతలు పెట్టాం. "మీకు బాగా సరిపోయే కుర్తీని నేల మీద పరవండి. చంక కింద ఈ చివర నుంచి ఆ చివరకి కొలవండి. చెయ్యి వెడల్పు కొలవండి. ఇంచుమించు అవే ఉన్న మా సైజు తీసుకోండి." ఆది జాకెట్టు పద్ధతే. లేబుల్ మీద అక్షరం పక్కన ఛాతీ, చెయ్యి అంగుళాలు కూడా అచ్చు వేశాం. అంకె చూస్తే ఆడవాళ్లు బాధపడతారని మేడం కొన్నాళ్లు వెనకాడారు. ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ఇంకొకటి. కాస్త బిగుతుగా ఉందంటే వెనక్కి పంపమనడానికి బదులు, మీ వీధి టైలర్ దగ్గర విప్పించుకోండి, 150 రూపాయలు మేమిస్తాం అని చెప్పడం మొదలుపెట్టాం. కొరియర్ రానూపోనూ అంతకంటే ఎక్కువే అవుతుంది. మొదటి ఆరు నెలల్లో 41 మంది ఆ డబ్బు తీసుకున్నారు. ఆ 41 కుర్తీల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు, ఆ 150 రూపాయలు 41 చోట్ల ఎవరో ఒక టైలర్‌కి చేరాయి.

ఏడాది తర్వాత లెక్క

కొత్త అట్టతో కుర్తీలు జులైలో బయటికి వెళ్లాయి. తర్వాతి మార్చిలో మళ్లీ అదే బల్ల మీద వెనక్కి వచ్చినవి పరిచాం. అమ్మకాలు ముందటి మార్చితో దాదాపు సమానం. వచ్చినవి 27. ఫిట్ కోసం వచ్చినవి అందులో 18: చెయ్యి, చంక 5, పొడవు 4, మిగిలిన 9 డబుల్ ఎక్సెల్.

ఆ తొమ్మిదీ నా తప్పు. మేం కొలిచిన 48 మందిలో ఆ సైజువాళ్లు ఐదుగురే వచ్చారు. ఐదుగురితో సరిపెట్టుకుని, ఎల్ అట్టనే పెంచుకుంటూ పైకి వెళ్లాను. ఛాతీ ఎక్కువ ఉన్నవాళ్లకి డాట్ (ఛాతీ గుండ్రానికి తగ్గట్టు లోపలికి మడిచి కుట్టే చిన్న మడత) లేని కుర్తీ ముందు భాగం పైకి లేస్తుంది, చంక దగ్గర గుడ్డ తేలుతుంది. వెడల్పు ఎంత పెంచినా అది పోదు. దానికి డాట్ వేసిన వేరే అట్ట కావాలి. ఎల్‌ని పెంచి డబుల్ ఎక్సెల్ చెయ్యకూడదని నాకు తెలుసు, త్వరగా అయిపోవాలని చేశాను. పెద్ద సైజువాళ్లకి మార్కెట్ ఎప్పుడూ చేసే అన్యాయమే నేనూ చేశాను.

ఇంకో రెండు తప్పులు కూడా నమోదు చేయాలి. ఆగస్టులో ఒక బ్యాచ్‌లో 80 కుర్తీలకి కొత్తగా చేరిన ఆపరేటర్ అలవాటు కొద్దీ రెండు అంచులూ కలిపి ఓవర్‌లాక్ కొట్టేశారు, విప్పడానికి వీల్లేకుండా పోయింది. ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన కాగితం నేను రాయలేదు. రెండోది, ముదురు రంగు కుర్తీలని ఏడాది వాడాక విప్పితే లోపల వదిలిన గుడ్డ కొత్త రంగుతో గీతలా కనిపిస్తోంది. నీలిమందు అద్దకంలో అయితే మరీ. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు. విప్పేదైతే మొదటి ఉతుకులకి ముందే విప్పించుకోండి అని చీటీలో రాస్తున్నాం.

యూరప్‌లో 2024 జులై 18న అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ చట్టం కింద, అమ్ముడుపోని బట్టల్ని నాశనం చెయ్యడం పెద్ద కంపెనీలకి 2026 జులై 19 నుంచి నిషేధం. కొన్నవాళ్లు వెనక్కి పంపినవి కూడా ఆ లెక్కలోకి వస్తాయి. మంచి చట్టమే. పద్నాలుగు మంది ఉన్న ఈ యూనిట్‌కి అది వర్తించదు. కానీ అక్కడి ఆర్డర్లు కుట్టే పెద్ద యూనిట్లలో నా పాత సహోద్యోగులు ఉన్నారు. వెనక్కి వచ్చిన బట్టల్ని ఏం చెయ్యాలని వాళ్లు ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. ముందు ఇస్త్రీ చెయ్యకుండా చంక దగ్గర చూడండి అని చెబుతున్నాను.

ఈ నెల మూడో ఆదివారం మళ్లీ కొలతలు పెట్టుకున్నాం. ఈసారి ఎక్సెల్, ఆ పైన సైజులవాళ్లనే పిలిచాం. ఇప్పటిదాకా 19 మంది వస్తామన్నారు. నల్గొండ టీచర్ గారు తన అక్కని పంపిస్తున్నారు, ఆది కుర్తీతో.